సిడ్నీ హైడ్ పార్కులో 1,701 ఊళ్ల మట్టి: మన ఊళ్ల పేర్లు ఎక్కడున్నాయి?

పారమట్టమ్మాయి

అందరికీ నమస్కారం. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

నాన్న ఇక్కడికి వచ్చి నెల అయింది. ఆర్మీలో ఇరవై నాలుగేళ్లు చేసి హవల్దారుగా రిటైర్ అయ్యారు. మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లెటూరు, మిలటరీ మాధవరం అని పేరున్న ఊరికి బాగా దగ్గర. సిడ్నీలో ఏం చూపించినా ‘బాగుందమ్మా’ అని ఊరుకునేవారు. ఒపెరా హౌస్ చూసినా అంతే, బ్రిడ్జి చూసినా అంతే. మొన్న ఆదివారం మ్యూజియం స్టేషన్లో దిగి పైకొచ్చాం, హైడ్ పార్కులో చెట్ల కింద కూర్చుని తెచ్చుకున్న పులిహోర తిని వెళ్దామని. ఎదురుగా ఆంజాక్ మెమోరియల్, అంటే ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ సైనికుల దళం పేరు మీదున్న యుద్ధ స్మారకం. ఈ ఊళ్లో ఏడేళ్లుగా ఉంటున్నాను, దాని పక్కనుంచి ఎన్నిసార్లు నడిచానో లెక్కలేదు, లోపలికి మాత్రం ఎప్పుడూ వెళ్లలేదు.

1934 నవంబర్ 24న తెరిచిన కట్టడం అది. మెట్లెక్కి పై హాల్లోకి వెళ్తే తలపైన గోపురం లోపలంతా బంగారు నక్షత్రాలు, మొత్తం 1,20,000. మొదటి ప్రపంచ యుద్ధానికి ఈ న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం నుంచి వెళ్లినవాళ్ల కోసం మనిషికో నక్షత్రం. చనిపోయినవాళ్లకే కాదు, వెళ్లి తిరిగొచ్చినవాళ్లకి కూడా. హాలు మధ్యలో బావి గట్టులా గుండ్రటి గోడ, దాని మీంచి తల వంచి చూస్తే కింద కంచు విగ్రహం: డాలు మీద చనిపోయిన కుర్రాడు, ఆ డాలును మోస్తున్న ముగ్గురు ఆడవాళ్లు. అమ్మ, అక్క, చంటిబిడ్డను ఎత్తుకున్న భార్య. తల వంచకపోతే అది కనబడదు. కావాలనే అలా కట్టారు.

నాన్న గుమ్మం దగ్గరే ‘చెప్పులు విప్పాలా అమ్మా’ అని అడిగారు. అక్కర్లేదని చెప్పాను, అయినా విప్పి పక్కన పెట్టే వచ్చారు.

అసలు నేను చెప్పాలనుకున్నది కింద ఉన్న కొత్త హాలు గురించి. 2018లో కట్టారు. చుట్టూ గోడల్లో చిన్న చిన్న గుండ్రటి గూళ్లు, ఒక్కోదాంట్లో గుప్పెడు మట్టి, దాని పక్కన ఊరి పేరు. మొత్తం 1,701 ఊళ్లు. యుద్ధానికి పేరిచ్చేటప్పుడు సైనికులు మా ఇల్లు ఫలానా చోట అని రాయించుకున్నారు కదా, ఆ ఊళ్లన్నీ తిరిగి అక్కడి మట్టి తెచ్చి పెట్టారు. ఎర్రది, నల్లది, ఇసుక రంగు, బూడిద రంగు, ఏ రెండూ ఒకలా లేవు. కింద నేలలో వాళ్లు పోరాడిన పరాయి దేశాల చోట్లతో సహా ఇంకో 100 చోట్ల మట్టి ఉంది. గోడ మీద ఇల్లు, కాళ్ల కింద యుద్ధం.

నాన్న అక్కడ గంటసేపు ఉన్నారు. ‘మనుషుల పేర్లు లేవేంటి’ అని అడిగారు ముందు. ఊళ్ల పేర్లే రాశారు నాన్నా అన్నాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ‘ఊరు పేరు రాస్తే చాలు, ఎవడు వెళ్లాడో ఊళ్లోవాళ్లకి తెలుస్తుంది’ అన్నారు. పులిహోర తినకుండానే ఇంటికొచ్చేశాం.

మన వైపు ఇలా ఊళ్ల లెక్కన ఎవరైనా ఏమైనా కట్టారా? చూసినవాళ్లు చెప్పండి.

ఉక్కునగరం

చదువుతుంటే గొంతు పట్టేసిందండీ. మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పండి.

మా వైజాగ్‌లో ఆర్కే బీచ్ దగ్గర ‘విక్టరీ ఎట్ సీ’ ఉంది, 1971 యుద్ధం గుర్తుగా 1996లో కట్టింది. ఏటా డిసెంబర్ 4న నేవీ డే నాడు అక్కడ పూలు పెడతారు. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది మా తీరంలోనే, 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక. కాబట్టి ఆ స్మారకం సరైన చోటే ఉంది.

కానీ అది నేవీ స్మారకం. ఊరికి వచ్చిన కష్టం గురించిన స్మారకం వేరే కావాలి కదా. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మా ఓడరేవు మీద బాంబులు వేశాయి, కాకినాడ మీద కూడా అదే రోజు. మా అమ్మమ్మ అప్పటికి పదేళ్ల పిల్ల. పొయ్యి మీద అన్నం అలాగే వదిలేసి బండి కట్టుకుని విజయనగరం వైపు వెళ్లిపోయామని, మళ్లీ వచ్చేసరికి వీధి వీధంతా తాళాలేనని చెప్పేది. సైరన్ చప్పుడు అంటే ఆమెకి చనిపోయేదాకా భయం, ఫ్యాక్టరీ సైరన్ కూసినా చెవులు మూసుకునేది. బీచ్ రోడ్డులో పుట్టి పెరిగినవాణ్ని, ఆ రోజు గురించి రాసిన ఒక్క రాయి నా కంటపడలేదు. మీ పోస్టులో ‘ఇల్లు’ అన్న మాట చూసి ఇదే గుర్తొచ్చింది. ఇంటి దగ్గరున్నవాళ్లు కూడా యుద్ధం చూశారు.

చెన్నపట్నం_తెలుగు

పారమట్టమ్మాయి గారూ, అదే పార్కులో ఆగ్నేయ మూల, ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ మొదలయ్యే చోట, ఒక పాత ఫిరంగి ఉంటుంది, చూశారా? అది ఎమ్డెన్ ఫిరంగి! జర్మనీ యుద్ధనౌక ఎమ్డెన్‌ది!

1914 సెప్టెంబర్ 22 రాత్రి మద్రాసు హార్బర్ మీద గుండ్లు కురిపించింది ఈ ఓడే. బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు అంటుకుని మండిపోయాయి. అప్పటికి మన కోస్తా, రాయలసీమ జిల్లాలకి రాజధాని మద్రాసే కదా, ఊరు ఖాళీ చేసి వేలమంది పారిపోయారు. హైకోర్టు గోడ దగ్గర గుండు పడ్డ చోట ఇప్పటికీ ఒక పలక ఉంది. ఇక్కడి తమిళులు గట్టిపిండాన్ని చూస్తే ‘ఎమ్డన్’ అనడం నేను చిన్నప్పటి నుంచి వింటున్నాను.

ఆ ఎమ్డెన్‌ని నవంబర్ 9న కోకోస్ దీవుల దగ్గర దెబ్బతీసింది ఆస్ట్రేలియా నౌక, దాని పేరే సిడ్నీ. అందుకే ఫిరంగి తెచ్చి ఆ పార్కులో పెట్టుకున్నారు. సిడ్నీ నౌక స్తంభం (మాస్ట్) కూడా బ్రాడ్లీస్ హెడ్ అనే చోట నిలబెట్టి ఉంది. అంటే మా ముత్తాతల్ని మద్రాసు నుంచి పరిగెత్తించిన ఓడ తాలూకు ఇనుము మీ ఇంటికి రైలు దూరంలో ఉందన్నమాట. ఈసారి వెళ్తే దయచేసి ఒక ఫొటో పెట్టండి, మా పెద్దమ్మకి చూపించాలి.

ఎర్రమట్టి

నేను కొంచెం వేరేగా మాట్లాడతాను, ఎవరూ నొచ్చుకోవద్దు.

మాది చిత్తూరు జిల్లా. మా జేజి ‘మీ ముత్తాత బాసర పోయి రాలేదురా’ అని చెప్పేది. సరస్వతమ్మ దర్శనానికి పోయి దారిలో ఏమైనా అయిందేమో అనుకునేవాళ్లం చిన్నప్పుడు. బాసర ఎంత దూరమో, ఆ రోజుల్లో మా ఊరినుంచి ఎవరు పోయేవాళ్లో కూడా ఆలోచించలేదు. నేను డిగ్రీలో ఉన్నప్పుడు మా నాయన ట్రంకు పెట్టెలో ఒక చిరిగిన కాగితం దొరికింది. అప్పుడు అర్థమైంది. బాసర కాదు, బస్రా. ఇరాక్. మొదటి యుద్ధంలో మెసొపొటేమియాకి పోయినాడు మా ముత్తాత. తుపాకీ పట్టేదానికి కూడా కాదు, వంతెనలు కట్టి, మూటలు మోసేదానికి. కరువు సంవత్సరం, నెల జీతం వస్తుందని పోయినాడు.

బస్రాలో ఒక పెద్ద స్మారకం ఉంది. మెసొపొటేమియాలో చనిపోయి సమాధి తెలియనివాళ్లు 40,000 మందికి పైగా దాని లెక్కలో ఉన్నారు. బ్రిటిష్ సిపాయి అయితే పేరు చెక్కినారు. మనవాళ్లలో ఆఫీసర్లకి పేరు చెక్కినారు, మామూలు సిపాయిలకి ఫలానా రెజిమెంటు, ఇంతమంది అని అంకె వేసి వదిలేసినారు. అంకె! ఈ స్మారకాల్ని, యుద్ధ సమాధుల్ని చూసుకునే కామన్వెల్త్ సమాధుల కమిషన్ వాళ్లే 2021లో ఇది తప్పని ఒప్పుకుని క్షమాపణ చెప్పినారు, నూరేళ్ల తర్వాత.

అందుకని ఈ స్మారకాల గురించి వింటే నాకు ముందు కోపమే వస్తుంది. ఎవరి యుద్ధం అది? మనవాళ్లు 10 లక్షల మందికి పైగా సముద్రాలు దాటి పోయినారు, 70,000 మందికి పైగా ప్రాణాలు పోగొట్టుకున్నారు. బదులుగా 1919లో జలియన్‌వాలాబాగ్ వచ్చింది. వాళ్లది వాళ్లు అందంగా కట్టుకున్నారు, సరే. మనం పోయి చెప్పులు విప్పాల్సిన పని ఉందా?

లష్కర్‌వాసి

ఎర్రమట్టి అన్నా, నీ కోపం సమజైంది. కానీ చెప్పులు విప్పింది రాజు కోసం కాదు కదా, పోయిన పోరగాళ్ల కోసం.

మా సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్ దగ్గర వీరుల సైనిక స్మారకం ఉంది. ఆగస్టు 15, జనవరి 26 వస్తే పూలు పెడతారు, మిగతా రోజులు ట్రాఫిక్‌లో ఎవ్వరూ తల తిప్పి చూడరు. హైదరాబాద్ లాన్సర్స్ అని నిజాం సంస్థానం గుర్రపు దండు ఉండేది, మొదటి యుద్ధంలో ఈజిప్టు, పాలస్తీనా దాకా పోయిన్రు. ఢిల్లీలో తీన్‌మూర్తి దగ్గర మూడు సిపాయి విగ్రహాలుంటయి చూడు, 1922లో పెట్టినవి, అందులో ఒకటి హైదరాబాద్ కోసం, మిగతావి మైసూరు, జోధ్‌పూర్ కోసం. 1918 సెప్టెంబర్ 23న పాలస్తీనాల హైఫా పట్టణం పట్టుకున్నది జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లు, మనోళ్లు అదే బ్రిగేడ్‌ల ఉన్నరు. నెహ్రూ ఉన్న ఇంటి పేరుగా తీన్‌మూర్తి దేశమంతా తెలుసు, ఆ మూర్తుల్లో ఒకటి మన హైదరాబాద్ సిపాయి అని హైదరాబాద్ పిల్లలకే చెప్పరు. ఇది ఇంగ్లీషోడి తప్పు కాదు అన్నా, మనదే.

తెల్లగౌను

నేను సిడ్నీలోనే నర్సుని, నైట్ డ్యూటీ అయ్యాక ఆ పార్కులో కూర్చుని ఇంటికి ఫోన్ చేసుకునేదాన్ని. మొదటి నుంచీ ఆ విగ్రహంలో నా కళ్లు కుర్రాడి మీద నిలవవు, మోస్తున్న ముగ్గురి మీదే నిలుస్తాయి. శిల్పి రేనర్ హాఫ్. తనూ యుద్ధంలో పనిచేసినవాడే. ఆయన ఇంకో విగ్రహం కూడా తయారుచేశాడు, సిలువ మీద ఒక స్త్రీ, నాగరికతని యుద్ధం సిలువ వేసిందని చెప్పడానికి. క్యాథలిక్ చర్చి వాళ్లు ఒప్పుకోలేదు, పెద్ద గొడవైంది, దాన్ని ఎప్పటికీ పెట్టలేదు. ఇప్పుడు మనం చూసేది ఆ గొడవలో మిగిలినది. అయినా చూడండి, ఒక రాష్ట్రం తన యుద్ధ స్మారకం నడిబొడ్డున గుర్రమెక్కిన జనరల్‌ని పెట్టుకోకుండా బరువు మోసే ఆడవాళ్లని పెట్టుకుంది. అది నాకు చిన్న విషయం కాదు.

బయట గోడల మీద, మూలల్లో ఉన్న రాతి బొమ్మల్లో నర్సు కూడా ఉంది, గమనించండి. నేను నా యూనిఫాంలోనే ఆ బొమ్మ కింద నిలబడి అమ్మకి ఫొటో పంపాను.

ఎర్రమట్టి గారూ, మీ ముత్తవ్వ గురించి ఎవరూ రాయలేదు కదా. ఆయన బస్రా వెళ్లాక పిల్లల్ని ఎవరు పెంచారు? ఆమెది సేవ కాదా?

ఎర్రమట్టి

తెల్లగౌను అక్కా, ఈ ప్రశ్న మా ఇంట్లో ఎవరూ అడగలేదు ఇన్నాళ్లూ.

ఆమె కూలికి పోయి నలుగుర్ని పెంచింది. బొట్టు తీయలేదంట ఆఖరిదాకా. పోయినాడని కాగితం రాలేదు కాబట్టి తీయనని పట్టుబట్టిందంట. ఊళ్లో కొందరు నోటికొచ్చినట్టు అన్నారంట కూడా.

ఇంతకంటే రాయలేకపోతున్నాను ఇప్పుడు.

నల్లమల_నీడ

ఆ పార్కులోనే ఇంకోటి ఉంది, దాని గురించి ఎవరూ చెప్పలేదు. 2015లో పెట్టారు, పేరు యినిన్‌మడ్యెమి. ఏడు మీటర్ల ఎత్తున్న నాలుగు పెద్ద తూటాలు నిలబడి ఉంటాయి, పక్కన మూడు పడిపోయి ఉంటాయి. ఈ నేల అసలు మనుషులైన ఆదివాసుల్లో ఆస్ట్రేలియా సైన్యంలో పనిచేసినవాళ్ల కోసం. చేసిన కళాకారుడు టోనీ ఆల్బర్ట్ తాత రెండో యుద్ధంలో శత్రువులకి చిక్కాడు, ఏడుగుర్ని వరసలో నిలబెట్టి ముగ్గుర్ని కాల్చేశారు, నలుగురు బతికారు. అదే లెక్క ఆ తూటాలది.

అలా వెళ్లొచ్చిన ఆదివాసీ సైనికుల్లో చాలామందికి, తెల్ల సైనికులకి ఇచ్చినట్టు సాగుభూమి ఇవ్వలేదు. సైన్యంలో సమానం, ఇంటికొచ్చాక మళ్లీ పాత కథే. స్మారకం కట్టి ఎనభై ఏళ్లయ్యాక గానీ ఈ తూటాలు అక్కడికి రాలేదు. నేను దీన్ని ఎందుకు చెబుతున్నానంటే, ఎర్రమట్టి గారి కోపం లాంటి కోపం అక్కడివాళ్లలో కూడా ఉంది, ఆ కోపాన్ని కూడా అదే పార్కులో నిలబెట్టారు. పాతదాన్ని కూల్చలేదు, పక్కన ఇంకోటి కట్టారు. మనం కూడా అలా చెయ్యొచ్చు అనిపిస్తుంది.

ఉక్కునగరం

సిడ్నీ మీద కూడా దాడి జరిగిందని నాకు ఈ మధ్యే తెలిసింది. 1942 మే 31 రాత్రి మూడు చిన్న జపాన్ జలాంతర్గాములు హార్బర్‌లోకి దూరాయి. కట్టబుల్ అనే ఓడ మునిగి 21 మంది నావికులు చనిపోయారు. మా వైజాగ్ మీద బాంబులు పడ్డ ఎనిమిది వారాలకే. రెండూ రేవు పట్టణాలే, శత్రువు కూడా ఒకడే. అక్కడ ఆ ఓడ పేరు నేవీ స్థావరానికి పెట్టి ఇప్పటికీ తలుచుకుంటున్నారు.

మామిడితోట

మొదటి యుద్ధంలో టర్కీలోని గల్లిపోలీలో మనవాళ్లు కూడా ఉన్నారని మర్చిపోకండి. 1915 ఏప్రిల్ 25న ఆంజాక్ సైనికులు దిగిన రోజే భారత పర్వత ఫిరంగి దళం కూడా దిగింది. మ్యూల్ కోర్ వాళ్లు కంచర గాడిదల మీద నీళ్లు, గుండ్లు మోశారు. గాయపడ్డవాళ్లని గాడిద మీద మోసిన సింప్సన్ అని ఆస్ట్రేలియా పిల్లలందరికీ తెలిసిన మనిషి, అతను మకాం పెట్టింది మన భారతీయ గాడిదలవాళ్ల దగ్గరే, తిండి వాళ్లతోనే. మా అబ్బాయి స్కూల్లో ఏప్రిల్‌లో ఆ కథ చెప్పినప్పుడు టీచర్ ఈ ముక్క చెప్పలేదు, వాడే లేచి చెప్పాడు.

పారమట్టమ్మాయి గారూ, టికెట్ ఉందా దానికి? మా అత్తగారు వస్తున్నారు, మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేరు.

పారమట్టమ్మాయి

టికెట్ లేదండీ, ఉచితం. లిఫ్ట్ ఉంది. పొద్దున పదకొండుకి వెళ్తే చిన్న స్మరణ కార్యక్రమం ఉంటుంది, ఆ టైముకి తీసుకెళ్లండి.

లష్కర్‌వాసి

పని చేసేటోళ్ల కోసం ఒక దారి చెప్త. కామన్వెల్త్ సమాధుల కమిషన్ వెబ్‌సైట్‌లో పేరుతో వెతకొచ్చు. రెండో యుద్ధం వాళ్లకైతే చాలాసార్లు తండ్రి పేరు, ఊరు, జిల్లా ఉంటయి. అయితే మన స్పెల్లింగ్ కాదు, పాత ఇంగ్లీషు స్పెల్లింగ్: విశాఖని ‘విజగపటం’ అని, కృష్ణాని ‘కిస్ట్నా’ అని రాస్తరు. బర్మాల పోయినోళ్లు రంగూన్ దగ్గర తౌక్యాన్ స్మారకంల ఉంటరు, అక్కడ దాదాపు 27,000 పేర్లున్నయి. మలయా, సింగపూర్ల పోయినోళ్లు సింగపూర్ల ఉన్న క్రాంజి స్మారకంల. మద్రాస్ సాపర్స్, అంటే సైన్యంల వంతెనలు, రోడ్లు కట్టే దండు, ఆ పేరు పెట్టి జల్లెడ పట్టున్రి, ఊరి పేర్లు బయటికొస్తయి. ఒక్కడు అన్నీ చెయ్యలేడు, తలా ఒక జిల్లా పంచుకుందాం. నేను నల్లగొండ తీసుకుంటున్న.

ఉక్కునగరం

నాది విశాఖ, విజయనగరం.

చెన్నపట్నం_తెలుగు

నెల్లూరు నేను చూస్తాను, మా అమ్మ వాళ్లది అక్కడే. ఫొటో మాట మర్చిపోకండి.

ఎర్రమట్టి

రాత్రంతా కూర్చున్నాను. మా ముత్తాత పేరుతో ఎనిమిది మంది వచ్చినారు. మా వైపు ఇంటికొకడికి ఉండే పేరు అది. ముగ్గురికి ఊరు రాసుంది, అవి మావి కావు. మిగతా ఐదుగురికి పేరు, నంబరు, తేదీ, అంతే. ఆ ఐదుగురిలో మా ముత్తాత ఉండొచ్చు, ఒక్కరూ కాకపోవచ్చు.

పారమట్టమ్మాయి గారూ, మీ నాన్నగారు అన్న మాట ఇప్పుడు తెలిసొచ్చింది నాకు. ఊరు రాసుంటే దొరికేవాడు.

నాకు చిత్తూరు ఇవ్వండి. మొదటి యుద్ధం, రెండో యుద్ధం రెండూ నేనే చూస్తాను. దొరికిన ప్రతి ఊరికీ పోతాను, మోటర్ సైకిల్ ఉంది. మట్టి కూడా తెస్తాను.

తెల్లగౌను

తమ్ముడూ, వెళ్లినప్పుడు ఆ ఇళ్లలో ఆడవాళ్ల పేర్లు కూడా రాసుకుని రా.

ఎర్రమట్టి

మొదటి పేరు మా ముత్తవ్వది రాసినానక్కా. మంగమ్మ.

పారమట్టమ్మాయి

ఈ చర్చ మొత్తం నాన్నకి చదివి వినిపించాను. బస్రా దగ్గర ఆపమన్నారు, మళ్లీ చదవమన్నారు.

పొద్దున లేచేసరికి పాత క్యాలెండర్ కాగితం వెనక రాస్తూ కూర్చున్నారు. పైన మా ఊరి పేరు పెద్ద అక్షరాలతో. కింద రెండో యుద్ధానికి మా ఊరినుంచి వెళ్లినవాళ్లు, ఆయనకి తెలిసినంతవరకు. ఇద్దరు బర్మా. ఒకాయన ఈజిప్టు దాకా వెళ్లొచ్చాడట, తిరిగొచ్చాక ఎవరితోనూ మాట్లాడకుండా చెరువు గట్టున కూర్చునేవాడని చెప్పారు. ముగ్గురి పేర్లూ ఇంటిపేర్లతో సహా రాశారు.

నాలుగో అంకె వేసి పక్కన ఖాళీ వదిలారు. ఆ మనిషి పేరు ఆయనకి తెలియదు. భార్య మాత్రం తెలుసు, వీధి చివర పెంకుటింట్లో ఉండేది, నెలకోసారి మనియార్డర్ వచ్చేది, ఊరంతా ‘మిలట్రీ అమ్మమ్మ’ అని పిలిచేవాళ్లు. నాన్న సైన్యంలో చేరేటప్పుడు ఆమే దగ్గరికి పిలిచి చేతిలో ఐదు రూపాయలు పెట్టిందట. మొగుడి పేరు ఆమె నోటితో పలికేది కాదు, ఆ కాలం ఆడవాళ్లు కదా, అందుకే నాన్నకి తెలియలేదు.

మా చిన్నత్తకి తెలుస్తుంది, ఫోన్ చెయ్యమన్నారు. చేశాను, ఎత్తలేదు, అక్కడ ఇంకా తెల్లారలేదు. నాన్న ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చున్నారు.